ఉదాహరణకిచ్చిన చిరునామా

క్వార్టర్ నంబరు 11,
మార్చి 4

పుస్తకాల అక్కకి,

నీ ఉత్తరం మంగళవారం వ్యానులో వచ్చింది. గేటు దగ్గర సంచీలోంచి తీసి ఇస్తూ పోస్టు చూసే ఆయన, "ఈ కాలంలో కూడా ఇంత లావు కవర్లు రాసేవాళ్లున్నారా?" అన్నాడు. మా అక్కకి మాట్లాడేవాళ్లు లేరండీ, అందుకని రాస్తుంది అన్నాను. కోప్పడకు. అన్నాక నాకే అనుమానం వచ్చింది, ఆ మాట నీ గురించి అన్నానా, నా గురించి అన్నానా అని.

ఇక్కడికొచ్చి మూడేళ్లు దాటినా "అసలు అక్కడ ఏం చేస్తావే" అని అడగడం మానవు. మళ్లీ చెప్తున్నా, ఈసారైనా గుర్తుపెట్టుకో. ఇది విత్తనాలు దాచే చోటు. ఏడు చల్లటి గదులు, ఒక్కో గదిలో కాగితం పొట్లాల్లో వేల రకాల గింజలు. గదిలో చలి ఎంతుందో చూసే యంత్రం ఒకటి ప్రతి గదికీ ఉంటుంది. చలి తగ్గితే ఆ యంత్రం ఆపరేటరు గదిలోని బోర్డుకి కబురు పంపుతుంది, అక్కడ గంట మోగుతుంది. ఆ కబుర్లు నడిచే నెట్‌వర్క్ నా బాధ్యత. అది గోడ దాటి బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. మా ఫోన్లు కూడా గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి. ఆఫీసులో ఒక టెలిఫోను ఉంది గానీ, దాంట్లో మాట్లాడితే ఆఫీసు మొత్తం చెవులు రిక్కిస్తుంది. అందుకే మనకీ ఉత్తరాలు.

ఒక సంగతి జరిగింది. పోయిన నెల మూడు రోజులు వరసగా సెలవులొచ్చాయి. ఆ మూడు రోజుల్లో ఏడో గది కంప్రెసరు ఆగిపోయింది. నాలుగో రోజు తలుపు తీసేసరికి మంచు అంతా కరిగి, పై అరల మీంచి నీళ్లు కారి, పొట్లాలన్నీ నాని ముద్దయ్యాయి. కొన్ని గింజలు పొట్లాల్లోనే మొలకెత్తాయి. అవన్నీ విత్తనాల ఆవిడ ఇరవై తొమ్మిదేళ్లుగా పోగు చేసినవి. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఒక పొట్లం విప్పి చూసి, మళ్లీ మడిచి, మరో పొట్లం విప్పింది. అలా మధ్యాహ్నం దాకా విప్పుతూనే ఉంది.

సెలవుల్లో బోర్డు ముందు కూర్చున్నది స్వెటర్ బాబాయి. ఆయన గురించి నీకు రాశానుగా, ఎండాకాలంలో కూడా ఆ బూడిదరంగు స్వెటర్ విప్పని ఆపరేటరు. సెలవుల్లో ఒక్కరే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. చలి పోకుండా తలుపులు తెరవకూడదు, బోర్డు చూస్తూ ఉండాలి, అదీ పద్ధతి. గంట మోగలేదు అంటాడు బాబాయి. ఏడో గది యంత్రాన్ని అడిగితే నలభై ఒక్కసార్లు కబురు పంపానని లెక్క చూపిస్తోంది. ఆయన్ని ఇంటికి పంపించేశారు, విచారణ అయ్యేదాకా రావద్దని.

నాతో కలిసి భోజనం చేసేది ఆయనొక్కడే. ఇప్పుడు గోడకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని తింటున్నాను, త్వరగా అయిపోతుంది.

అన్నట్టు, ఊరికే అడుగుతున్నా. ఈ చలి చూసే యంత్రాల గురించి నువ్వు రాసిన మాన్యువల్‌లో యాభై ఎనిమిదో పేజీలో ఒక నెట్‌వర్కు చిరునామా ఉంటుంది కదా, 192.0.2తో మొదలయ్యేది. అది ఎవరిది? ఇక్కడ ఎవరో అడిగితే చెప్పలేకపోయాను.

నీ తోక


రెండో అంతస్తు, వెనక గది,
మార్చి 12

తోకకి,

మాట్లాడే దిక్కు లేదని నా గురించి గేటు దగ్గర దండోరా వేయించావా. సంతోషం. ఇక్కడ నాకు ఊపిరాడని పని. కొత్త మాన్యువల్ ఒకటి మొదలైంది, పాతవి రెండు సవరించమని నెత్తిన పెట్టారు. అయినా నీ ఉత్తరం వచ్చిందంటే అన్నీ పక్కన పెట్టి రాస్తున్నాను. చిన్నప్పుడు నా వెనకాలే తోకలాగా తిరిగేదానివి, నువ్వు లేకుండా గుమ్మం దాటనిచ్చేదానివి కాదు. ఇప్పుడు చూద్దామంటే ఏడాదికోసారి కూడా కనపడవు.

మూడేళ్లలో నా పుస్తకం గురించి నువ్వు అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఒంట్లో బాగానే ఉంది కదా?

చిరునామాల్లో కొన్నింటిని మామూలు యంత్రాలకి ఇవ్వరు, ప్రత్యేకమైన పనులకి విడిగా తీసి పెట్టారు. ఆ పాఠం చెప్పిన రోజు నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నట్టున్నావు. 127తో మొదలయ్యేవి ఉన్నాయి. అక్కడికి పంపిన మాట గడప కూడా దాటదు, పంపినవాళ్లకే తిరిగి వినపడుతుంది. నేను వంటగదిలో మాట్లాడుకునే మాటల్లాగా అనుకో. పదితో మొదలయ్యేవి మీ నెట్‌వర్కులో వాడతారు, నీకు తెలిసినవే. గోడ లోపల అందరికీ తెలుసు, గోడ బయట వాటికి అర్థం లేదు. 224 దగ్గర మొదలయ్యేవి గుంపు చిరునామాలు, మేమూ ఉన్నాం అని చేరినవాళ్లకే ఆ మాట అందుతుంది. 240 నుంచి ఉన్నవి మాత్రం భవిష్యత్తులో పనికొస్తాయని అట్టిపెట్టారు. ఆ భవిష్యత్తు ఇంకా రాలేదు. ఎవరికీ ఇవ్వకుండా, దేనికీ వాడకుండా కోట్ల నంబర్లు అలా పడి ఉన్నాయి.

నాకు 169.254 అంటే మాత్రం జాలి. కొత్త యంత్రం నెట్‌వర్కులోకి రాగానే, నాకో చిరునామా ఇవ్వండి అని అడుగుతుంది. ఎవరూ పలకరు. మళ్లీ అడుగుతుంది. చివరికి విసిగిపోయి తనకి తానే ఆ నంబర్లలోంచి ఒకటి పెట్టుకుంటుంది. పక్కనే అలాంటిదే ఇంకోటి ఉంటే ఆ రెండూ మాట్లాడుకోగలవు, అంతకు మించి ఎక్కడికీ పోలేవు. దీన్ని పుస్తకంలో రాసిన రోజు ఎందుకో అన్నం సహించలేదు.

నువ్వడిగిన 192.0.2 ఎవరిదీ కాదు. అవి నాలాంటివాళ్ల కోసం వదిలిన నంబర్లు. పుస్తకంలో ఉదాహరణ రాయాలంటే ఏదో ఒక చిరునామా వేయాలి కదా. నిజమైనది వేస్తే, చదివినవాళ్లు అదే కొట్టేస్తే, ఎవరి యంత్రం మీదో ఊరూరి నుంచీ కబుర్లు వచ్చి పడతాయి. అందుకని ఎప్పటికీ ఎవరికీ ఇవ్వమని చెప్పి కొన్ని నంబర్లు పక్కన పెట్టారు. అక్కడికి పంపినది ఎవరికీ చేరదు. చేరలేదని తిరిగొచ్చి చెప్పేవాళ్లు కూడా ఉండరు. మీ గదుల్లో ఉన్నటువంటి యంత్రాలైతే పంపామా లేదా అనేదే చూసుకుంటాయి, అందిందా అని అడగవు.

ఇంతకీ అడిగింది ఎవరు? నా పుస్తకం అంత శ్రద్ధగా చదివినవాళ్లు మీ దగ్గర ఉన్నారంటే నాకు గర్వంగానే ఉంది. దాంట్లో ఒక్క తప్పు పట్టుకోమను చూద్దాం. బాబాయి సంగతి ఏమైందో రాయి.

అక్క


క్వార్టర్ నంబరు 11,
మార్చి 24

అక్కకి,

నీ ఉత్తరం అందింది. వివరంగా రాశావు, అర్థమైంది.

విచారణ జరుగుతోంది. బాబాయిని ఒకరోజు పిలిపించారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నేను తీగల చుట్ట పట్టుకుని అటుగా వెళ్లాను, తల ఊపాడు, నేనూ ఊపాను. అంతే. లోపల ఏమన్నాడో తర్వాత అందరూ చెప్పుకున్నారు. గంట మోగలేదు అని తప్ప ఇంకో మాట అనలేదట. మిగతా ఆరు గదుల కబుర్లూ ఇన్నాళ్లూ బోర్డుకి వస్తూనే ఉన్నాయి కదా, ఏడోది మాత్రం ఎందుకు రాదు అని అడిగారట. నిద్రపోయి ఉంటావు అన్నారట. యంత్రాలు బిగించినప్పుడు ఏడు గదులకీ పరీక్ష చేసి, గంట మోగిందని రిజిస్టరులో రాసి ఉంది. అది తెచ్చి ఆయన ముందు పెట్టారట.

పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను.

నీ చెల్లెలు


రెండో అంతస్తు, వెనక గది,
మార్చి 30

తోకా,

ఆ రిజిస్టరులో సంతకం ఎవరిది?

అక్క


క్వార్టర్ నంబరు 11,
ఏప్రిల్ 6

అక్కా,

నాదే.

నీ ఒక్క వాక్యం ఉత్తరాన్ని నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. చెప్తాను. చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది, ఇక్కడ చెప్పడానికి నాకు గోడలు తప్ప ఎవరూ లేరు.

నేను చేరిన కొత్తలో ఆ యంత్రాలు బిగించారు. నీ మాన్యువల్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నీ పుస్తకం కాబట్టి మరీ భక్తిగా. యాభై ఎనిమిదో పేజీలో ఉదాహరణగా ఇచ్చిన వరసలన్నీ ఉన్నవున్నట్టు ఒక్కో యంత్రంలోకి ఎక్కించి, ఆ తర్వాత గది నంబరు, చలి ఎంతుండాలి, కబురు ఎక్కడికి పంపాలి అన్న మూడు చోట్లా మనవి మార్చుకుంటూ వచ్చాను. ఒకటి, రెండు, మూడు, అలా ఆరు గదులు. గంట మోగించి చూశాను, ఆరూ మోగాయి. ఏడోది మొదలుపెట్టేసరికి వేళ్లు కొయ్యబారిపోయాయి. గది నంబరు మార్చాను. చలి మార్చాను. అప్పుడు బాబాయి తలుపు దగ్గరికొచ్చి, "పొద్దున్నుంచీ ఆ చలిలోనే ఉన్నావు, టీ చల్లారిపోతోంది, లేచి రామ్మా" అన్నాడు. ఇక్కడ నన్ను ఒకరు పిలవడం అదే మొదటిసారి. అప్పటికి వచ్చి పదిహేను రోజులైంది, పని చెప్పడానికి తప్ప ఎవరూ నాతో మాట్లాడలేదు. లేచి వెళ్లాను. టీ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నాం. తిరిగొచ్చి చూస్తే పని అయిపోయినట్టే అనిపించింది. ఆరు మోగాయి కదా, ఏడోది మాత్రం మోగకుండా ఎక్కడికి పోతుందిలే అనుకుని, ఏడూ పరీక్ష చేశానని రాసి సంతకం పెట్టేశాను.

మూడో చోటు మార్చలేదు. అందులో నీ ఉదాహరణ చిరునామా అలాగే ఉండిపోయింది. మూడేళ్లుగా ఏడో గదికి ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఇబ్బంది వచ్చింది, అది నలభై ఒక్కసార్లు అరిచింది. ఆ అరుపు ఎవరూ లేని చోటికి పోయింది.

నేను మార్చి ఒకటో తారీకునే చూశాను. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే నాకు తెలుసు. నేననుకున్నది తప్పయి, అది ఎవరిదో నిజమైన చిరునామా అని నువ్వు రాస్తావేమో, అక్కడ ఎవరో ఆ కబురు అందుకుని ఊరుకున్నారేమో అని చిన్న ఆశ. అప్పుడు తప్పు ఇంకొకరిది అయ్యేది.

ఇప్పుడు ఏడో గది యంత్రం నా చేతుల్లోనే ఉంది. ఆ మూడో చోట మన బోర్డు చిరునామా కొట్టడం ఒక్క నిమిషం పని. కొట్టేస్తే ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. చెప్పేస్తే నా ఉద్యోగం పోతుంది, ఈ గది పోతుంది. అక్కడితో అయిపోదు, బాబాయికి తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా అదే భయంగా ఉంది. ఏం చేయను?

తోక


రెండో అంతస్తు, వెనక గది,
ఏప్రిల్ 13

చెల్లికి,

ప్రశాంతంగా చదువు.

జరిగిందేదో జరిగిపోయింది. నువ్వు చెప్పినంత మాత్రాన ఆవిడ గింజలు తిరిగి రావు. బాబాయికి ఇంకా ఏడాదో, ఏడాదిన్నరో సర్వీసు ఉండి ఉంటుంది. పెద్దాయన, ఇంటిపట్టున ఉంటాడు. నీకు ముప్పై ఏళ్ల ఉద్యోగం ముందుంది. పరీక్ష చేయకుండా చేశానని సంతకం పెట్టినదానికి ఈ పనిలో ఇంకెక్కడా చోటు దొరకదు. ఆ మాట నీకూ తెలుసు.

ఆ చోట సరైన చిరునామా కొట్టేసెయ్. ఎవరితోనూ అనకు. ఒకవేళ ఎప్పుడైనా అడిగితే, నీ తెలివితో ఏదో ఒకటి చెప్పు. పుస్తకం పేరు మాత్రం ఎత్తకు. పుస్తకం చూసి చేశాను, అందులో అలాగే ఉంది అంటే, రాసినదాని మీదికి నెడుతున్నావనుకుంటారు. అది నీకే మంచిది కాదు.

ఆరోగ్యం చూసుకో. వేళకి తిను.

అక్క


క్వార్టర్ నంబరు 11,
మే 18

అక్కకి,

నెల దాటింది, రాయలేదు. కోపం వచ్చి రాయలేదు. నీ ఉత్తరం చదివితే అది నువ్వు రాసినట్టే లేదు. తోకా అని కూడా అనలేదు. ఎవరో గుమాస్తా రాసినట్టుంది.

నువ్వు చెప్పినట్టే చేద్దామని వెళ్లాను, దాచను. ఏడో గది ఇప్పుడు ఖాళీ. అరలన్నీ కడిగి ఆరబెట్టారు. తలుపు తీసి పెట్టడం వల్ల మామూలు గదిలాగే వెచ్చగా ఉంది. యంత్రం ముందు కూర్చుని ఆ మూడో చోట వేలు పెట్టాను. ఇంతలో విత్తనాల ఆవిడ వచ్చింది. పొట్లాల్లో మొలకెత్తినవాటిని ఏరి చిన్న డబ్బాల్లో మట్టి పోసి నాటిందట, అవి కిటికీ దగ్గర పెట్టుకోవచ్చా అని అడిగింది. నన్ను అడగడమేమిటి అన్నాను. "ఏమో అమ్మా, ఈ మధ్య ఏది ఎవర్ని అడిగి చేయాలో తెలియడం లేదు" అంది. నాటిన నూట పన్నెండు రకాల్లో ఏడు బతికాయట. ఆ ఏడూ కూడా ఏవి ఏవో తెలియదు, పొట్లాల మీద రాత కారిపోయింది. అవి పెరిగి ఆకు వేస్తే గుర్తుపడతానంది. ఆవిడ వెళ్లాక యంత్రం మూసేసి వచ్చేశాను. ఏమీ మార్చలేదు.

ఇంకో సంగతి. బాబాయి జాగాలో కొత్త ఆపరేటరు వచ్చాడు. మంచివాడే. మొన్న భోజనాల దగ్గర, "ఆ ముసలాయన నిద్రపోయి ఇంత పని చేశాడట కదండీ" అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అందరూ నా వైపు చూస్తున్నట్టనిపించింది గానీ ఎవరూ చూడలేదు. ఆయన నిద్రపోలేదు అనాలి. మంచినీళ్లు తాగి లేచి వచ్చేశాను.

నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయానక్కా. పుస్తకం పేరు ఎత్తకు అన్నావు. నేను నిన్నెక్కడా తప్పు పట్టలేదే. ఆ మాట నా కోసం అన్నావా, నీ కోసం అన్నావా?

చెల్లెలు


రెండో అంతస్తు, వెనక గది,
మే 25

తోకా,

నా కోసమే అన్నాను.

కవరులో ఒక కాగితం పెట్టాను చూడు. అది యాభై ఎనిమిదో పేజీ చిత్తుప్రతి. అడుగున ఒక వాక్యం ఉంది, దాని మీద గీత ఉంది. గీత కింద చదవచ్చు. "ఈ చిరునామా ఉదాహరణ మాత్రమే, దీన్ని మార్చకుండా వదిలేస్తే అలారం ఎవరికీ చేరదు." ఆ గీత కొట్టింది నేనే.

ఎందుకు కొట్టానో తెలుసా? ఆ వాక్యం ఉంటే చివరి రెండు వరసలు తర్వాతి పేజీకి పోయేవి. బొమ్మ ఒక పేజీలో, దాని కింద మాటలు ఇంకో పేజీలో పడేవి. చూడ్డానికి బాగాలేదు. చదివేవాళ్లకి ఆ మాత్రం తెలియదా అనుకుని తీసేశాను. పేజీ ముచ్చటగా వచ్చింది. దాన్ని చూసుకుని ఆ సాయంత్రం ఎంత మురిసిపోయానో.

అంతటితో అయిపోతే నిన్ను అలా కసిరేదాన్ని కాదేమో. నాలుగేళ్ల కిందట చేపలు దాచే గిడ్డంగి నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. నీలాగే చేశాడు, సరుకంతా పాడైపోయింది, ఆ పేజీలో ఒక్క మాట రాసి ఉంటే బాగుండేది అన్నాడు. నేను జవాబిచ్చాను. తప్పు పుస్తకంలో లేదు, చదవడంలో ఉంది అని. ఎంత పొగరు నాకు. ఆ రోజే రెండు వరసలు మార్చి కొత్త కాగితం అందరికీ పంపించి ఉంటే నీ దగ్గరికి కూడా వచ్చేది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నాకు ఊపిరాడని పని అని రాస్తుంటాను కదా, పనేమీ లేదు. కంపెనీ వాళ్లు అచ్చు మాన్యువల్స్ మానేసి ఏడాది దాటింది, నన్ను కూడా అప్పుడే మాన్పించారు. బల్ల మీద కాగితాలు పాతవే. పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఆ బల్ల దగ్గర కూర్చుంటాను. కింద పోస్టు డబ్బాలో నీ ఉత్తరం తప్ప నా పేరు మీద ఇంకేమీ రాదు. నాకు మిగిలింది ఆ పుస్తకంలో ఒక్క తప్పు లేదన్న పేరు ఒకటే, అది కూడా పోతుందేమోనని ఒక పెద్దమనిషి పరువు పోయినా ఫరవాలేదని రాశాను. రాసి పోస్టు చేశాక మెట్లెక్కి పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

నువ్వు చెప్పెయ్. ఈ కాగితం వాళ్ల ముందు పెట్టు. నా పేరు, నా చిరునామా వెనకాల రాశాను, పిలిస్తే వచ్చి చెప్తాను. ఇలాంటి చిరునామాకి పంపిన కబురు ఎవరికీ చేరదని రాసినదాని నోటితోనే చెప్పించుకుంటే, ఆయన మాట నమ్మడానికి వాళ్లకి ఇంక అడ్డేముంటుంది?

ఉద్యోగం పోతే ఇక్కడికి వచ్చెయ్. మంచం ఒకటే ఉంది, చాప ఉంది. ఎవరు దేని మీద అనేది వచ్చాక పోట్లాడుకుందాం.

అక్క


క్వార్టర్ నంబరు 11,
జూన్ 21

అక్కా,

నీ కాగితం వచ్చిన మర్నాడే డైరెక్టరు గారి గదికి వెళ్లాను. ముందు యంత్రం తెచ్చి చూపించాను, తర్వాత రిజిస్టరు, తర్వాత నీ కాగితం. ఆయన నీ కొట్టివేత కింది వాక్యం రెండుసార్లు చదివి, "ఇదేమిటి, ఇంత చిన్న మాటా" అన్నారు. విచారణ వాళ్లు ఏడో గది యంత్రంతో మళ్లీ కబురు పంపించి చూశారు. పంపాను అంది. బోర్డు పలకలేదు. ఆ తర్వాత ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. విత్తనాల ఆవిడ కూడా. కిటికీ దగ్గర డబ్బాల్లో నీళ్లు పోస్తూ ఒక్కసారి నా వైపు చూసింది, మళ్లీ నీళ్లు పోసుకుంది.

నన్ను తీసేశారు. నెలాఖరుకి గది ఖాళీ చేయాలి. అనుకున్నదే కాబట్టి పెద్దగా ఏడవలేదు, కొంచెం ఏడ్చాను. ముప్పయ్యో తారీకు వ్యానులో బయల్దేరతాను. చాప నాకే.

బాబాయి తప్పేమీ లేదని, తిరిగి పనిలోకి తీసుకుంటున్నామని ఉత్తర్వు వేశారు. దాన్ని ఎక్కడ పెట్టారో తెలుసా? భోజనాల గది పక్కన నోటీసు బోర్డు మీద, మా లోపలి నెట్‌వర్కులో. గోడ లోపలున్న అందరూ చదివారు. ఆయనకి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గుమాస్తాని అడిగితే వచ్చే వారం పోస్టులో వేస్తాం అన్నాడు. ఒక ప్రతి అడిగి తీసుకుని, నిన్న నేనే బయల్దేరాను.

రెండు బస్సులు మారాలి. ఇరుకు సందులో పైఅంతస్తు. వాళ్లావిడ తలుపు తీసింది. బాబాయి లుంగీ, బనీనులో ఉన్నాడు. స్వెటర్ లేకుండా ఆయన్ని చూడడం మొదటిసారి, భుజాలు ఇంత చిన్నవా అనిపించింది. నిలబడే కాగితం చదివాడు. వాళ్లావిడ చేతికిచ్చాడు. "కూర్చోమ్మా" అన్నాడు నాతో.

నేను కూర్చోలేదు. "ఆ తప్పు నాది బాబాయ్. ఏడో గదికి చిరునామా వేసింది నేనే. పరీక్ష చేయకుండా సంతకం పెట్టింది కూడా నేనే" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మార్చి ఒకటో తారీకున."

"మార్చి" అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లావిడ ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"ఉద్యోగం సంగతి అలా ఉంచమ్మా" అన్నాడు. "నిద్రపోయావు అని అందరూ అన్నారు. మొదట్లో లేదు లేదు అన్నాను. తర్వాత నాకే అనుమానం పట్టుకుంది. మోగే ఉంటుంది, నాకే వినపడలేదేమో అని. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చెవులు బాగానే ఉన్నాయన్నాడు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయనా అదే అన్నాడు. అయినా మనసు ఒప్పుకోలేదు. ఇప్పుడు తలుపు గంట మోగినా మా ఆవిణ్ణి అడుగుతున్నాను, మోగిందా అని. నువ్విప్పుడు గంట కొట్టినప్పుడు కూడా అడిగాను."

క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్లానక్కా. చెప్పింది మాత్రం ఇదే.

"మూడు రోజుల్లో ఒక్కసారి కూడా మోగలేదు బాబాయ్" అన్నాను.

ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"మళ్లీ చెప్పు" అన్నాడు.

మళ్లీ చెప్పాను.

నీ తోక